ఆ రాత్రి పంపిన వాయిస్ మెసేజే మీకు ఆధారం

ప్రశ్న: నాకు 40 ఏళ్లు. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. 2023 ఫిబ్రవరి 27న ర్యాక్ పైనుంచి పెట్టె దించుతుంటే అది జారి, పట్టుకోబోయేసరికి కుడి భుజం కలుక్కుమంది. అప్పటికి జీతం 23,000, ఈఎస్ఐ లేదు. ఇప్పటికీ చెయ్యి తల పైకి లేవదు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను. స్కానింగ్‌లో భుజం కండర బంధం చిరిగిందని తేలింది. తేలిక పనికి మార్చి ఓవర్‌టైమ్ ఆపేశారు. ఇన్నాళ్లూ ‘చూద్దాం’ అన్న మేనేజర్ ఇప్పుడు ‘నీకు షుగర్ ఉంది, దానివల్లే’ అంటున్నాడు. పోయిన నెలలో పడ్డట్టు చూపిస్తే గడువు సమస్య ఉండదని ఒక మిత్రుడి సలహా. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. చాలా భాగం మేనేజర్ మాట మార్చడం గురించే రాశారు. దానివల్ల కేసు గెలవరు, ఓడరు. మూడో పేజీ చివర ఒక సంగతి రాసి ముందుకు వెళ్లిపోయారు: పెట్టె దించుతుంటే భుజం పట్టేసింది, రేపు రాలేనని ఆ రాత్రే సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు, అతను సరే అని జవాబిచ్చాడు. మీ కేసు నిలబడేది దాని మీదే.

ఎందుకంటే మీ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం, 1923 ప్రకారం మీరు రుజువు చేయాల్సింది నొప్పి ఉందని మాత్రమే కాదు. అది పనిలో ఉండగా, పని కారణంగా జరిగిన ప్రమాదం వల్ల వచ్చిందని. మార్చి 1 నాటి మొదటి డాక్టరు చీటీలో ‘భుజం నొప్పి’ అని మాత్రమే ఉంది. ఎలా తగిలిందో ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే ఎందుకు రాయించుకోలేదు? అవతలి లాయరు మొదట చూపించేది ఆ చీటీనే. షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోవడం మామూలే కాబట్టి మేనేజర్ వాదన తేలిగ్గా తీసేసేది కాదు. అయితే బిగుసుకుపోవడం వేరు, చిరగడం వేరు. ఆ తేడా మీరు చెబితే చాలదు, ఎముకల డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. అప్పటికే కొంత బలహీనత ఉన్నా, పనిలో పడ్డ ఒత్తిడితో అది ముదిరిందని తేలితే పరిహారం వస్తుంది.

రాతపూర్వకంగా నోటీసు ఇవ్వలేదని భయపడకండి. ప్రమాదం సంగతి యజమానికి మరో విధంగా తెలిసి ఉంటే, నోటీసు లేదన్న కారణంతో క్లెయిమ్‌ను కొట్టేయకూడదని 10వ సెక్షన్ చెబుతోంది. సూపర్‌వైజర్ జవాబు ఇక్కడా పనికొస్తుంది. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి.

పరిహార చట్టంలోని అదే 10వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. ఇది రాస్తున్నది 2025 జనవరిలో. అంటే మీకు మిగిలింది కొన్ని వారాలే. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం, ఈ క్లెయిమ్‌లు విచారించే ఉద్యోగుల పరిహార కమిషనర్‌కు ఉంది. కానీ మేనేజర్ ‘చూద్దాం’ అన్నాడన్న మాటను నమ్ముకుని గడువు దాటనివ్వకండి.

ఇక మీ మిత్రుడి సలహా. ఆ పని చస్తే చేయకండి. 2023 నాటి స్కానింగ్ రిపోర్టు, మందుల చీటీలు మీ పేరు మీదే ఉన్నాయి. పోయిన నెలలో పడ్డానని ప్రమాణం చేసి చెబితే మొదటి క్రాస్ పరీక్షలోనే దొరికిపోతారు. నిజమైన క్లెయిమ్ పోతుంది, మీ మీద తప్పుడు సాక్ష్యం కేసు పడుతుంది. మీకు తోడుగా అబద్ధం చెప్పిన సహోద్యోగి కూడా ఇరుక్కుంటాడు.

చేయాల్సిన పని ఇది. ఈ వారమే యజమానికి తేదీ, సమయం, జరిగిన తీరు రాసి, అందినట్టు రుజువు ఉండేలా పోస్టులో నోటీసు పంపండి. ఆ రోజు పక్కన ఉన్నవాళ్లలో ఒక్కరైనా సాక్ష్యానికి వస్తారేమో అడగండి. పారేశానన్న బిల్లులకు ఆసుపత్రిలో నకళ్లు తీసుకోండి, చికిత్సకు నిజంగా అయిన ఖర్చు కూడా చట్టప్రకారం వస్తుంది. మీ గాయం చట్టం మొదటి షెడ్యూల్‌లో (ఏ గాయానికి ఎంత శాతమో ముందే రాసిన పట్టికలో) లేదు కాబట్టి, సంపాదన సామర్థ్యం ఎంత శాతం తగ్గిందో డాక్టరు అంచనా వేయాలి. వైకల్యం శాతం, ఇది ఒకటి కాదు. సర్టిఫికెట్‌లో సంపాదన సామర్థ్యం అన్న మాట స్పష్టంగా ఉండాలి.

మీ ప్రమాదం నాటి నిబంధన ప్రకారం లెక్కకు జీతం 15,000 వరకే తీసుకుంటారు. అందులో 60 శాతం 9,000. దాన్ని ప్రమాదం నాటి వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో గుణిస్తారు. ఉదాహరణకు 40 ఏళ్లకు అది 184.17, గుణిస్తే 16,57,530 వస్తుంది. సామర్థ్యం 20 శాతం తగ్గిందని తేలితే వచ్చేది అందులో 20 శాతం, 3,31,506 రూపాయలు. ప్రమాదం నాటికి మీకు 40 నిండలేదు కాబట్టి మీ గుణకం కొంచెం ఎక్కువే ఉంటుంది. చెల్లించాల్సిన రోజు నుంచి నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ కూడా అడగవచ్చు.

ఫిజియోథెరపీ మానేశానని రాశారు, వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. డాక్టరు చెప్పింది కావాలని పాటించక గాయం ముదిరిందని చూపిస్తే పరిహారం తగ్గించమని యజమాని వాదించవచ్చు. వెళ్లిన ప్రతిసారీ చీటీ మీద తేదీ వేయించుకోండి.

మీరు ఉంటున్న ప్రాంతంలోని ఉద్యోగుల పరిహార కమిషనర్ దగ్గరే దరఖాస్తు వేయవచ్చు. ఫిబ్రవరి మొదటి వారంలోనే వేసి, అందినట్టు తేదీతో ముద్ర వేయించుకున్నాకే ఇంటికి రండి.