కొత్త గొలుసు సరే, తాకట్టులో ఉన్న గొలుసు మాటేమిటి?

ప్రశ్న: మాది కవిటి మండలంలో ఒక పల్లె. తిత్లీ తుపానుకు కొబ్బరి తోట పడిపోయాక 2019లో అప్పు చేసి కతార్ వెళ్లాను. పైప్ వెల్డర్‌ని. ఈ దసరాకి పూర్తిగా వచ్చేస్తున్నాను. ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశాల్లో పనిచేసేవాళ్లకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) 3,90,000 ఉన్నాయి. కంపెనీ నుంచి గ్రాట్యుటీ 2,30,000 దాకా రావాలి. ఊళ్లో నోటు మీద లక్ష అప్పుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏజెంటుకు కట్టడానికి నా భార్య 24 గ్రాముల గొలుసు తన పేరు మీదే బ్యాంకులో తాకట్టు పెట్టింది. అది విడిపించాలంటే ఇప్పుడు 98,000 కట్టాలి. సోంపేటలో వెల్డింగ్ షాపు పెట్టాలని ఉంది, 2 లక్షలవుతుంది. ఇంటి ఖర్చు నెలకు 18,000. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు, తమ్ముడు ఉన్నారు. అమ్మకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉందన్నారు. చెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. విశాఖలో ఉన్న చెల్లి బాగానే ఉంది, మందసలో ఉన్న చెల్లికి ఇబ్బందులున్నాయి. భార్యకు 20 గ్రాముల గొలుసు, తమ్ముడికీ మందస చెల్లికీ ఫోన్లు, ఇంటికి టీవీ, అందరికీ కంబళ్లు, సెంట్లు, ఖర్జూరం అని జాబితా రాస్తే నాలుగు లక్షలు దాటింది. తగ్గిస్తే ‘ఏడేళ్లుండి ఏం తెచ్చాడు’ అంటారని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ గొలుసు దగ్గర ఆగిపోయాను. మీరు కతార్ వెళ్లగలిగింది ఆ గొలుసు వల్లే. ఈ ఏడేళ్లలో మీ ఇంట్లో, చుట్టాల ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో, ఊళ్లో సంబరాలు ఎన్నిసార్లు వచ్చాయో మీకే తెలుసు. వాటన్నిటికీ ఆవిడ మెడలో గొలుసు లేకుండానే వెళ్లి ఉంటారు. అది బ్యాంకులో ఉండగా మీరు దోహాలో 20 గ్రాములది కొత్తది కొనాలనుకుంటున్నారు.

ఒక్కసారి లెక్క చూడండి. 98,000 కడితే 24 గ్రాముల బంగారం ఇంటికి వస్తుంది. అదే 98,000 పట్టుకుని దుకాణానికి వెళితే, 10 గ్రాములు లక్ష దాటిపోయిన ఈ రోజుల్లో 10 గ్రాములు కూడా రావు. పైగా పాతది విడిపించకుండా కొత్తది తెస్తే ఒక గొలుసు మెడలోనూ, ఇంకొకటి వడ్డీ కిందా ఉంటాయి. షాపు మొదటి ఏడాది కాస్త ఇబ్బంది పడితే కొత్తది కూడా తాకట్టుకే వెళుతుంది. మీలాగే తిరిగొచ్చినవాళ్లు కొందరు ఆ కొత్త గొలుసు సంచిలో పెట్టుకుని నా దగ్గరికి సలహా కోసం వచ్చారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మొత్తం డబ్బు లెక్క వేద్దాం. ఖాతాలో ఉన్నదీ గ్రాట్యుటీ కలిపితే 6,20,000. గొలుసుకు 98,000, నోటు మీద అప్పుకు లక్ష తీసేయండి. ఆ లక్షకు మీరు నెలకు 2,000, అంటే ఏడాదికి 24,000 వడ్డీ కడుతున్నారు. మీ జాబితాలో ఉన్న రెండు ఫోన్లలో ఒకదాని ఖరీదు అది. ఇక మిగిలేది 4,22,000. షాపు మొదలుపెట్టాక చేతికి డబ్బు ఆడడానికి ఆరు నెలలైనా పడుతుంది. గేటో గ్రిల్లో చేయించుకున్నవాళ్లు వెంటనే మొత్తం ఇవ్వరు. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు 1,08,000 విడిగా జాయింటు ఖాతాలో వేసి, నెలనెలా 18,000 మీ ఆవిడ తీసుకునేలా చూడండి. షాపుకు 2 లక్షలు పోతే 1,14,000 ఉంటాయి. అందులో 70,000 బహుమతులకు పెట్టండి. మిగిలిన 44,000 ముట్టుకోకండి. కరెంటు కనెక్షన్, బోర్డు, షాపు అడ్వాన్సు మీద అడిగే అదనం లాంటివన్నీ అందులోంచే పోతాయి.

గ్రాట్యుటీ గురించి ఒక్క మాట. కతార్ చట్టం ప్రకారం పనిచేసిన ప్రతి ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం రావాలి. మీ కాంట్రాక్టు కాగితంలో మూల వేతనం ఎంత రాశారో చూసి లెక్క సరిపోల్చుకోండి. ఓవర్‌టైమ్, అలవెన్సులు అందులో కలవవు. ఆ డబ్బు చేతికి రాకముందే దాన్ని నమ్ముకుని అక్కడ కార్డు మీద సామాను కొనకండి.

నాలుగు లక్షల జాబితా 70,000కు ఎలా తగ్గుతుందని అడుగుతారు. ‘అక్కడ ఏం దొరుకుతుంది’ అని చూస్తూ రాసిన జాబితా అది. దాన్ని పక్కన పెట్టి ‘వీళ్లకు ఏం కావాలి’ అని మళ్లీ రాయండి. చాలా వస్తువులు దోహాలో కొనాల్సిన పనే ఉండదు.

అమ్మతో మొదలుపెడదాం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో పుట్టిన మీకు ఆ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సంచుల్లో తప్పకుండా ఉండే రెండు వస్తువులు మీ అమ్మగారికి మంచివి కావు. ఒకటి ఖర్జూరం. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు సరిగా పనిచేయనప్పుడు రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకు ప్రమాదం. మన కొబ్బరి నీళ్ల విషయంలో డాక్టర్లు జాగ్రత్త చెప్పేదీ ఇందుకే. ఆవిడకు ఎంతవరకు పనికొస్తుందో డాక్టరును అడగండి, మీరే ప్రేమగా డబ్బా విప్పి చేతిలో పెట్టకండి. రెండోది కీళ్ల నొప్పులకని తెచ్చే నొప్పి మాత్రలు. అసలే దెబ్బతిన్న కిడ్నీలను ఆ మాత్రలు ఇంకా పాడు చేస్తాయి. ఒక్క స్ట్రిప్పు కూడా తేవద్దు. అమ్మకని 10,000 పెట్టండి. అందులో 1,500తో మెత్తటి నేత చీర ఇక్కడే కొనండి, మిగతాది ఆవిడ పరీక్షలకు, దారి ఖర్చులకు ఉంచండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. మీరు వచ్చిన మొదటి వారంలోనే అమ్మను వెంటబెట్టుకుని వెళ్లండి. ఇన్నేళ్లూ పక్కనుండి తీసుకెళ్లే కొడుకు లేని తల్లికి అది ఎంత ధైర్యమో ఆలోచించండి.

చెల్లెళ్ల విషయం డబ్బు కంటే సున్నితమైనది. మా మేనమామ మస్కట్ నుంచి వచ్చినప్పుడు మా అమ్మకూ పిన్నికీ వేరువేరు ఖరీదు చీరలు తెచ్చాడు. పిన్ని ఇంట్లో అవసరం ఎక్కువని ఆమెకు మంచిది ఇచ్చాడు. ఆయన మనసు మంచిదే. అయినా మా అమ్మ ఆ చీర కట్టనే లేదు, పెట్టెలోనే ఉండిపోయింది. అక్కచెల్లెళ్లిద్దరూ చాలాకాలం ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మీరు ఒక చెల్లికే ఫోను తెస్తే రెండో చెల్లికి ఉన్నా లేకపోయినా మనసు నొచ్చుకుంటుంది. ఆడపడుచుకు పుట్టింటి చీర అంటే ఖరీదు లెక్క కాదు, తనకూ ఆ ఇంట్లో చోటుందన్న లెక్క. అందరి ముందూ పెట్టేది ఇద్దరికీ ఒకేలా ఉండాలి. చీర, పిల్లలకు బట్టలు కలిపి ఒక్కొక్కరికి 4,000 చాలు. మందస చెల్లికి చేయాలనుకున్న సాయం విడిగా, ఎవరికీ చెప్పకుండా, పిల్లల స్కూలు ఫీజు రూపంలో 10,000 కట్టండి. ఫోను రెండేళ్లలో పాతబడుతుంది, ఫీజు కడితే ఈ ఏడాది వాళ్లు ఇంకో అప్పు చేయకుండా ఉంటారు.

తమ్ముడి గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాటే రాశారు. తుపాను తర్వాత మళ్లీ నాటిన మొక్కలకు నీళ్లు పోసి, అమ్మను చూసుకుని, ఇంటికి కాపలా ఉన్నది ఆయనే కదా? కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపుకు వస్తుంటుంది. ఆయనకు ఫోను కావాలా, తోటలో గడ్డి కోసే యంత్రం కావాలా అని ఫోన్ చేసి అడగండి. నా అంచనా యంత్రమే అంటాడని. 12,000 పెట్టండి, ఇచ్ఛాపురంలోనో పలాసలోనో ఆయనే చూసి తీసుకుంటాడు. రిపేరు వస్తే దగ్గర్లోనే చేయించుకోవచ్చు. అలాగే వచ్చాక తోట ఆదాయంలో ఆయన వాటా ఎంతో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఏడేళ్లు చాకిరీ చేసిన తమ్ముడి చేతిలో సెంటు సీసా పెట్టి సరిపెట్టకూడదు.

పిల్లలకు సైకిళ్లకు 12,000. అత్తమామలకు 5,000 పెట్టి పొందూరు ఖద్దరు కొనండి. మామగారికి పంచె, అత్తగారికి చీర. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి నేసే సన్నటి నేత మన జిల్లాలోనే ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన అల్లుడు పొందూరు పంచె పెడితే ఎవరూ తక్కువగా చూడరు. మీ ఆవిడకు గొలుసు కాక 5,000 చేతికివ్వండి, ఏం కొనుక్కుంటారో ఆవిడ ఇష్టం. ఇరుగుపొరుగుకు, స్నేహితులకు 8,000. చాక్లెట్లు, టైగర్ బామ్, ఖర్జూరం లాంటివి దోహా నుంచే తెండి. కంబళ్లు మాత్రం మానేయండి. మన ఉక్కకు అవి పెట్టె అడుగునే ఉంటాయి, పైగా విమానంలో బరువంతా అవే తినేస్తాయి. ఇవన్నీ కలిపితే సరిగ్గా 70,000.

కస్టమ్స్ సంగతులు క్లుప్తంగా. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజీ నిబంధనల ప్రకారం మీరు తెచ్చే కొత్త వస్తువులకు 75,000 వరకు సుంకం లేదు. అంతకుముందు ఇది 50,000. ఏడాదికి మించి బయట ఉండి వచ్చే మగవారు 20 గ్రాముల వరకు నగలు సుంకం లేకుండా తేవచ్చు. పాత నిబంధనల్లో విలువ కూడా 50,000 దాటకూడదని ఉండేది, ఇప్పుడు బరువే చూస్తారు. నాణేలు, బిస్కెట్లు దీని కిందికి రావు. అయినా బంగారం అక్కడ కొనమని నేను చెప్పను.  2023 ఏప్రిల్ నుంచి ఇక్కడి దుకాణాల్లో కొనే హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ అని అంకెలూ అక్షరాలూ కలిసి ఆరుండే గుర్తింపు కోడ్ ఉంటుంది. అక్కడి నగ మీద అది ఉండదు, రేపు మార్చుకోవాలంటే దుకాణంవాళ్లు తరుగు పేరుతో బేరాలాడతారు. షాపు ఒక ఏడాది నిలదొక్కుకున్నాక మీ ఆవిడను వెంటబెట్టుకెళ్లి ఇక్కడే కొనండి. టీవీకి 2013 ఆగస్టు నుంచి సుంకం మినహాయింపు లేదు, వారంటీ కూడా ఇక్కడ కొన్నదానికైతేనే ఇబ్బంది లేకుండా ఉంటుంది. అది కూడా షాపు నడిచాకే.

బయల్దేరే రోజు దగ్గర పడేకొద్దీ క్యాంపులో ఎవరో ఒకరు ‘మా ఇంటికి ఈ చిన్న పార్సిల్ అందించు’ అంటారు. మీ చేతులతో మీరు సర్దని ఏ పార్సిల్‌నూ, ఎంత స్నేహితుడిదైనా, పట్టుకురావద్దు. అందులో బంగారమో నిషేధించిన మందులో దొరికితే కేసు మీ మీదే పడుతుంది.

పూర్తిగా వచ్చేస్తున్నారు కాబట్టి దిగిన వెంటనే బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించండి. ఆ తర్వాత వచ్చే వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. మీ మొత్తాలకు పన్ను భయం లేదు గానీ కాగితాలు సరిగా ఉండడం మంచిది.

ఊళ్లోవాళ్లు ఏమంటారనే మీ బెంగ నాకు అర్థమైంది, దాన్ని చిన్నది అనను. మన పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చినవాడి సంచి వైపు పది కళ్లు చూస్తాయి. అందుకే వచ్చే ముందే ఫోన్‌లో చెప్పేయండి: ‘ఈసారి సెలవుకు రావడం లేదు, ఉండిపోవడానికి వస్తున్నాను, షాపు పెట్టాలి.’ అమ్మకు చెప్పండి, చెల్లెళ్లకు చెప్పండి. దిగాక చెబితే సాకులా ఉంటుంది, ముందే చెబితే వాళ్లే మీ తరఫున నలుగురికీ చెబుతారు.

ఇక గొలుసు. దానికి గ్రాట్యుటీ దాకా ఆగనక్కర్లేదు, మీ రాక కోసం కూడా ఆగనక్కర్లేదు. ఎన్ఆర్ఈ ఖాతాలో ఉన్నదాంట్లోంచి ఈ వారమే డబ్బు పంపండి. బంగారు రుణం ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి తాకట్టు రసీదు, ఆధార్ తీసుకుని ఆవిడే వెళ్లి కట్టి విడిపించుకోవచ్చు. కట్టేముందు ఆ రోజుకు వడ్డీతో సరిగ్గా ఎంతో బ్యాంకులో అడిగి తెలుసుకోమనండి, నాలుగైదు వందలు అటూఇటూ ఉండవచ్చు. లాకరులోంచి తీసి ఇచ్చేటప్పుడు రసీదులో రాసిన బరువు, గొలుసు బరువు ఒకటేనా అని అక్కడే తూయించుకోమనండి. తోడుగా తమ్ముణ్ని పంపండి. దసరాకి మీరు సోంపేట స్టేషన్‌లో దిగేసరికి ఆ గొలుసు ఆవిడ మెడలో ఉండాలి.