రక్తనాళాలను అడ్డుకునే ఎపిజెనెటిక్ మందులు: బీఎస్సీ తరువాత ఏ దారిలో వెళ్లాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా కాలంగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ సెమినార్ కోసం ఎపిజెనెటిక్ మందులు క్యాన్సర్ కణితిలో రక్తనాళాల పెరుగుదలను ఎలా తగ్గిస్తాయో చదివినప్పటి నుంచి, పరిశోధన చేస్తే ఇందులోనే చేస్తానంటోంది. ఎంబీబీఎస్ లేకుండా ఇది సాధ్యమా? ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో దాదాపు ఇదే పేరుతో ఎంఎస్సీ ఉంది కానీ ఫీజు ఏడాదికి నాలుగు లక్షలు. చేర్పించమంటారా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు బదులిస్తాను. ఆ కోర్సులో చేర్పించకండి. మీ అమ్మాయి ఎంచుకున్న విషయం మంచిదే, కానీ అది డిగ్రీ స్థాయిలో విడిగా నేర్చుకునే శాస్త్రం కాదు. రక్తనాళాల జీవశాస్త్రం, జన్యు నియంత్రణ అనే రెండు శాస్త్రాలు కలిసే కూడలి అది. ఎవరైనా ఏదో ఒక వైపు గట్టి పునాది వేసుకున్నాకే అక్కడికి చేరుకుంటారు.

కొత్త రక్తనాళాలు లేకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేదని, కాబట్టి వాటిని అడ్డుకోవడమే చికిత్స కావచ్చని అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. ఆ ఆలోచనకు ఫలంగా వచ్చిన బెవాసిజుమాబ్ అనే మందుకు, ఇతర భాగాలకు వ్యాపించిన పెద్దపేగు క్యాన్సర్ చికిత్సలో వాడటానికి అమెరికాలో అనుమతి దొరికేసరికి 2004 వచ్చింది. అదే మందుకు రొమ్ము క్యాన్సర్ విషయంలో 2008లో ఇచ్చిన అనుమతిని, రోగుల ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాకపోవడంతోనూ దుష్ప్రభావాలు తక్కువేమీ కాకపోవడంతోనూ 2011లో వెనక్కి తీసుకున్నారు. సెమినార్లలో సాధారణంగా విజయాలే కనిపిస్తాయి కాబట్టి ఈ రెండో సంగతిని కూడా అమ్మాయి చదవాలి.

ఇక ఎపిజెనెటిక్ మందులు. జన్యువులోని అక్షరక్రమం మారకుండానే, డీఎన్‌ఏకు అంటుకునే మిథైల్ గుర్తులు, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు అంటుకునే ఎసిటైల్ గుర్తులు ఆ జన్యువు పనిచేయాలా ఊరుకోవాలా అన్నదాన్ని ప్రభావితం చేస్తాయి. ఈ గుర్తులను మార్చేవే ఎపిజెనెటిక్ మందులు. మిథైల్ గుర్తులను తగ్గించే అజాసిటిడిన్ 2004లో, హిస్టోన్ల నుంచి ఎసిటైల్ గుర్తులను తొలగించే ఎంజైములను ఆపే వొరినోస్టాట్ 2006లో అమెరికాలో అనుమతి పొందాయి. కణితిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ పోగుపడి, రక్తనాళాలను రప్పించే వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్ ఉత్పత్తిని పెంచుతుంది. వొరినోస్టాట్ తరహా మందులు ఈ హిఫ్ స్థాయిని తగ్గించగలవని ప్రయోగశాలల్లో తేలింది. నాళాల పెరుగుదలకు కళ్లెం వేసే త్రాంబోస్పాండిన్-1 జన్యువు కొన్ని కణితుల్లో మిథైల్ గుర్తుల వల్ల మూగబోతుంది కనుక, ఆ గుర్తులు తొలగితే అది మళ్లీ పనిలోకి వచ్చే అవకాశం ఉంది. అయితే ఇప్పటివరకు ఈ మందులు ఎక్కువగా నిలదొక్కుకున్నది రక్త క్యాన్సర్లలో, లింఫోమాల్లో (శోషరస వ్యవస్థకు వచ్చే క్యాన్సర్లలో). రక్తనాళాల ప్రశ్న ముఖ్యంగా ఎదురయ్యే గట్టి కణితుల్లో ఫలితాలు ఆ స్థాయిలో లేవు. నా దృష్టిలో ఈ రంగంలోకి రావడానికి అదే మంచి కారణం, ఎందుకంటే తేలవలసింది ఇంకా చాలా ఉంది.

ఎంబీబీఎస్ రోగికి మందు రాసేవారికి కావాలి, మందు ఎలా పనిచేస్తుందో పరిశోధించేవారికి అది తప్పనిసరి కాదు. కణితిలోని నాళాలను పూర్తిగా నాశనం చేస్తే మందు కూడా లోపలికి అందదని, వాటిని కొంత సరిచేస్తే చికిత్స బాగా పనిచేయవచ్చని 2001లో వాదించిన రాకేశ్ జైన్ ఐఐటీ కాన్పూర్‌లో కెమికల్ ఇంజినీరింగ్ చదివినవారు.

మీరు బెంగళూరులో ఉండటం అమ్మాయికి కలిసివచ్చే విషయం. జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాస్తే భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో జీవశాస్త్రాల ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి (డిగ్రీ తరువాత నేరుగా చేరేది) దరఖాస్తు చేసుకోవచ్చు. జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం (జేఎన్‌సీఏఎస్‌ఆర్)లో క్రోమాటిన్ (డీఎన్‌ఏ, హిస్టోన్ల కలయిక) పరిశోధనకు పేరున్న విభాగం ఉంది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ప్రవేశాలు టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) పరీక్ష ద్వారా జరుగుతాయి. ఇవి కుదరకపోతే గాట్-బి అనే ప్రవేశ పరీక్ష రాసి, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే ఎంఎస్సీలో చేరవచ్చు. అక్కడ ఫీజు మీరు చెప్పినదానికంటే చాలా తక్కువగా ఉంటుంది, నెలనెలా కొంత భృతి కూడా వస్తుంది. ఎంఎస్సీ తరువాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధక ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై రూ.42,000 ఫెలోషిప్ ఉంటుంది. పీహెచ్‌డీ ముగిసేసరికి అమ్మాయి వయసు ముప్పైకి దగ్గరవుతుందన్న లెక్క మాత్రం ఇంట్లో అందరూ ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. లేకపోతే మూడో ఏడు నుంచే బంధువుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

పీహెచ్‌డీ వద్దనుకున్నా దారులు ఉన్నాయి. ఇక్కడి బయోకాన్ సంస్థ 2017లో బెవాసిజుమాబ్ బయోసిమిలర్‌ను (అసలు మందును పోలిన మందును) మన దేశంలో విడుదల చేసింది. ఆరిజీన్, సింజీన్ వంటి సంస్థల్లో కొత్త మందుల అన్వేషణ జరుగుతోంది. అలాంటి సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో ఎపిజెనెటిక్స్ అన్న మాటకంటే కణాల పెంపకం, ప్రోటీన్ శుద్ధి, ఎంజైమ్ పరీక్షలు, డేటా విశ్లేషణ అన్నవే ఎక్కువగా కనిపిస్తాయి. ఖరీదైన కోర్సు పేరుకంటే ఈ నైపుణ్యాలకే విలువ ఎక్కువ అని నేను అనేది అందుకే.

అమ్మాయి ఈ పనికి సరిపడుతుందో లేదో తెలియాలంటే ఆరు నెలల ప్రాజెక్టు చేయించండి. బొడ్డుతాడు సిర నుంచి తీసిన కణాలు గొట్టాల్లా అల్లుకుంటున్నాయో లేదో చూడటం, కోడి పిండపు పొరపై నాళాలను లెక్కించడం, జీబ్రాఫిష్ పిండాలను సూక్ష్మదర్శిని కింద గమనించడం వంటివి ఈ రంగంలో రోజువారీ పనులు. ఒకే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తూ, మందు నాళాలను నిజంగా ఆపిందా లేక కణాలన్నింటినీ చంపినందువల్ల అలా కనిపించిందా అని విడదీసి చూసే ఓపిక ఉండాలి. ప్రాజెక్టు కోసం ప్రొఫెసర్‌కు రాసే లేఖలో ఎపిజెనెటిక్స్ అంటే ఇష్టమని రాయడంతో సరిపెట్టకుండా, వారి ప్రచురణల్లో ఒకదాన్ని చదివి, అందులోని ఒక ప్రయోగం గురించి తనకు తట్టిన సందేహాన్ని రెండు వాక్యాల్లో అడగమనండి.