సమాధానం: కనకపుర పొలంలో జింకలకు ఓక్ వేయొచ్చా?
అమెరికాలో మీ బావగారు జింకల కోసం పొలంలో ఓక్ వేశారని, కనకపుర దగ్గర మీ రెండెకరాల్లోనూ వేయొచ్చా అని అడిగారు. వద్దండీ. అక్కడి తెల్ల ఓక్ చలిదేశపు చెట్టు. కాపు మొదలవడానికే సుమారు 20 ఏళ్లు పడుతుంది. ఎర్ర ఓక్ కాయల కన్నా దాని కాయల్లో వగరు తక్కువ, అందుకే జింకలకు అంత ఇష్టం.

మన చుక్కల దుప్పికి ఉసిరి ఉందిగా! రాలిన కాయలు మింగి, తీరిగ్గా నెమరేస్తూ గింజలు ఉమ్మేస్తుంది. గట్టు వెంట ఉసిరి, మేడి, నేరేడు పెట్టండి. చుట్టూ ముళ్లకంప తప్పనిసరి. హోసూరు దగ్గర మా తోటలో కట్టలేదు, చిగుళ్లన్నీ మేసేశాయి. పక్కన రాగి చేను ఉంటే ముందు ఆ రైతుతో మాట్లాడండి. ఉసిరికి వచ్చినవి అదీ మేస్తాయి.