పాముల రోడ్డుకు వెళ్తున్న చిట్టికి

చిరంజీవి చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెల రెండో శనివారం నువ్వు షికాగో నుంచి ఒక్కదానివే కారు వేసుకుని ఇల్లినాయ్ దక్షిణాన ఉన్న పాముల రోడ్డుకు వెళ్తున్నావని మీ అమ్మ ఫోను చేసి ఏడ్చింది. 'నీ మాటైతే వింటుంది అక్కా' అంది. నేను వద్దంటానని దాని ఆశ. అనను. ఇరవై ఏళ్ళ కిందట నేనూ వెళ్ళాను, ఆ సంగతి దానికి ఇప్పటికీ తెలియదు. మన ఇంట్లో రాత్రిపూట పాము అనే మాటే అనరు, 'పురుగు' అంటారు. అలాంటి ఇంటి పిల్ల పాముల కోసం ఐదారు గంటలు కారు నడుపుతానంటే నాకు లోపల గర్వంగానే ఉంది. అమ్మ అడిగితే మాత్రం పెద్దమ్మ కేకలేసిందని చెప్పు.

మామూలు మాటలు ముందు. చీలమండ దాటే బూట్లు, పొడుగు ప్యాంటు, నీళ్ళు. పిడుదులుంటాయి, ప్యాంటు అంచు మేజోళ్ళలోకి దోపుకో. కారు గేటు దగ్గరే ఆపాలి. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 30 దాకా, మళ్ళీ మార్చి 15 నుంచి మే 15 దాకా, పాములు దాటే కాలమని, ఆ రోడ్డు మీద బండ్లను పోనివ్వరు. 1972 నుంచీ ఏటా రెండుసార్లు ఇలా మూస్తున్నారు. రెండున్నర మైళ్ళు నడక, తిరిగి రావడానికి మరో రెండున్నర. తెల్లవారుజామునే పోయి నిలబడకు, చలికి అవి కదలవు. రాత్రి చలివేసి, మధ్యాహ్నం ఎండ కాసే రోజైతే నీ అదృష్టం.

అక్కడికి వెళ్తే నీకే అర్థమవుతుంది. ఒక పక్క నిట్టనిలువు సున్నపురాయి కొండ, ఇంకో పక్క లారూ చిత్తడి, మధ్యలో కంకర రోడ్డు. పాములు వేసవంతా చిత్తడిలో గడిపి, చలికాలానికి కొండ పగుళ్ళలోకి చేరతాయి. అంటే అక్టోబరులో చిత్తడి నుంచి కొండకు, వసంతంలో కొండ నుంచి చిత్తడికి. ఈ ముక్క నేను వెళ్ళకముందే చదివాను. చదివి కూడా మర్చిపోయాను.

మీ పెదనాన్న ఆ రోజు కారు దిగలేదు. 'నాగుల చవితి దగ్గరపడుతుంటే పుట్టలో పాలు పోయడం మాని ఇదేం పని' అంటూ గేటు దగ్గరే పేపరు చదువుతూ కూర్చున్నారు. నేను ఒక్కదాన్నే నడిచాను. గంటసేపు ఏమీ లేదు. తరవాత కంకర మీద జానెడుకు కాస్త ఎక్కువుండే పాము. ఒంటి మీద ఇటుకరంగు పట్టీలు, తోక కొస మాత్రం నిమ్మతొక్కలా పసుపు. కదలడం లేదు.

ఎవరైనా తొక్కుతారేమోనని జాలి వేసింది. పిల్లదే కదా అనుకున్నాను. ఒక ఎండుపుల్ల తీసుకున్నాను, మూరెడు కూడా లేదు. రోడ్డు అంచు ఎటు దగ్గరో చూశాను. చిత్తడి వైపు రెండడుగులే. అటు నెట్టాను. అది చుట్ట చుట్టుకుని నోరు తెరిచింది. లోపలంతా తెలుపు, పగిలిన పత్తికాయలా. అప్పటికీ నాకు వెలగలేదు. మళ్ళీ నెట్టాను. గడ్డిలోకి జారిపోయింది. ఏదో పుణ్యం మూటగట్టుకున్నట్టు చేతులు దులుపుకున్నాను.

మెడలో కెమెరా వేసుకున్న తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన వెనక నిలబడి అంతా చూస్తున్నాడు. కేకలేసినా బాగుండేది. 'అది కాటన్‌మౌత్ పిల్ల. పుట్టినప్పటినుంచే విషం ఉంటుంది. ఇక్కడ పాములను కదిలించకూడదు' అన్నాడు. నేను తలవంచుకున్నాను. కాసేపాగి, 'అది కొండకు పోతోంది. ఇంతదూరం వచ్చాక మీరు వెనక్కి పంపించారు' అన్నాడు.

చేతికి మూరెడు దూరంలో విషం ఉండిందన్న భయం ఇంటికి రాగానే పోయింది. ఆ రెండో మాట పోలేదు. ఆ రాత్రి మా పెరట్లో గడ్డి మీద మంచు పేరుకుంది. తెల్లారి కారు అద్దం గీకుతూ దాన్నే తలుచుకున్నాను. మీ పెదనాన్నకు ఆయన పోయే ముందు ఏడాదికి గాని చెప్పలేదు. నవ్వి, 'చవితికి దాని పేరున ఓ గిన్నెడు పాలు పోసెయ్' అన్నారు. పాము పాలు తాగదని ఇద్దరికీ తెలుసు. అయినా పోశాను, పెరట్లో చెట్టు మొదట్లో.

కాబట్టి ఏది ఎటు పోతున్నా పోనివ్వు, ఆరడుగుల దూరంలో నిలబడు. మన పొలాల్లో కాళ్ళు నేలకేసి కొడితే జెర్రిపోతు పారిపోయేది. ఈ కాటన్‌మౌత్ చాలాసార్లు పారిపోదు, ఉన్నచోటే నోరు తెరిచి చూపిస్తుంది. మీదికి రావడం కాదది, దగ్గరికి రావద్దని చెప్పడం. కొండ పక్క రాళ్ళ మీద చెయ్యి ఆనించకు, కూర్చోకు. అక్కడ కాపర్‌హెడ్, రాటిల్‌స్నేక్ అనే విషపాములు కూడా ఉంటాయి, ఎండుటాకుల్లో కలిసిపోతాయి. ఒకవేళ కాటు పడితే వెంటనే 911కు ఫోను. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మన ఊళ్ళో చేసే వైద్యం ఏదీ వద్దు.

నిజం చెప్పనా, నా భయం పాములది కాదు, జింకలది. ఈ నెలల్లో పొద్దువాలితే చాలు, రోడ్డు మీదికి దూకుతాయి. ఆ రోజు తిరిగి వస్తుంటే ఒకటి మా కారు ముందు వెంట్రుకవాసిలో తప్పింది. పెదనాన్న చేతులు ఇంటికొచ్చేదాకా వణుకుతూనే ఉన్నాయి. చీకట్లో షికాగో దాకా నడపడానికి వీల్లేదు. నాలుగింటికల్లా కారెక్కు, వెలుతురుండగానే సెయింట్ లూయిస్ వచ్చేస్తావు. మా ఇల్లు నీ దారిలో లేదని నాకూ తెలుసు, వాదించకు. గోంగూర పచ్చడి నూరి ఉంచుతాను.

ఇంకొకటి. చెయ్యి వాస్తే ఉంగరం బయటికి రాదు, ఆసుపత్రిలో కోసేస్తారు. నీ వేలికున్నది అమ్మమ్మది. బయలుదేరే ముందు తీసి బీరువాలో పెట్టి, పెట్టినట్టు నాకు ఫొటో పంపు.

మీ పెద్దమ్మ