రేకుల గదిలో కుందేళ్లకు వేసవి జాగ్రత్తలు

ప్రశ్న: మేము కర్నూలులో మేడ మీది రేకుల గదిలో అద్దెకు ఉంటున్నాము. మా అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకున్న రెండు కుందేళ్లు, ఒక జత లవ్ బర్డ్స్ ఉన్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి కుందేళ్లు మధ్యాహ్నం మేత ముట్టకుండా, కాళ్లు చాపుకొని పడి ఉంటున్నాయి. ఫ్యాను పెడితే సరిపోతుందా? చన్నీళ్లతో స్నానం చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఫ్యాను ఒక్కటే సరిపోదు, స్నానం మాత్రం చేయించకండి, ఆ బెదురే వాటికి ప్రమాదం. మనకు ఫ్యాను గాలి హాయినిచ్చేది అది ఒంటి మీది చెమటను ఆరుస్తుంది కాబట్టి. కుందేలుకు అలా చెమట పట్టదు; ఒంట్లోని వేడిని ముఖ్యంగా చెవుల ద్వారా, కొంత ఊపిరి ద్వారా వదులుకుంటుంది. దాని ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. గది గాలి 40 దాటిందంటే, ఫ్యాను ఆ వేడినే తెచ్చి దాని మీదికి తోస్తుంది. పెంపుడు కుందేళ్ల పూర్వీకులు ఐరోపాలో బొరియలు తవ్వుకొని ఎండవేళ నేల అడుగున ఉండేవి (మన చేలల్లో తిరిగే చెవులపిల్లి వేరే జంతువు). బోనులో ఉన్నదానికి ఆ అవకాశం లేదు. సుమారు 28 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది.

అందుకే రేకుల గదిని చల్లబరచడానికి తంటాలు పడేకన్నా, పదకొండు గంటలకల్లా బోనును కిందికి దించడం మేలు. ఇంటివారిని అడిగి మెట్ల కింద, ఎండ పడని మూల కొంచెం చోటు సంపాదించండి. బండల దుకాణంలో బేతంచెర్ల బండ ముక్క ఒకటి తెచ్చి, తడిపి, తుడిచి, బోనులో ఒక పక్క పరిస్తే, అవే వెళ్లి దాని మీద పొట్ట ఆనించి పడుకుంటాయి. బోనుకు ఒక వైపు తడి గోనె సంచి వేలాడదీయండి. మన వైపు వేసవి గాలి పొడిగా ఉంటుంది కనుక తడి త్వరగా ఆరి చల్లదనం వస్తుంది. అయితే నాలుగు వైపులా కప్పేస్తే తేమ లోపలే నిలిచి ఉక్కపోస్తుంది. కూలరు పెట్టినా కిటికీ తెరిచే ఉంచాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి బోనులో పెట్టడమూ మంచిదే, కరెంటు పోయిన పూట అదే ఆసరా.

నీళ్లు బరువైన మట్టి మూకుట్లో పోసి, తరచుగా మార్చండి. ఆకుకూరలను కడిగి తడితోనే ఇవ్వండి. మేత తెల్లవారుజామున, పొద్దు గూకాక పెట్టండి. రాలే బొచ్చును దువ్వి తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, బోను అడుగు తడిగా, మురికిగా ఉండనీయకండి: ఈగలు కుందేలు వెనుక భాగంలో గుడ్లు పెడితే, ఒక్క రోజులోనే పురుగులు పుట్టి బతికున్న మాంసాన్ని తొలుస్తాయి.

మన దగ్గర లవ్ బర్డ్స్ అని ఎక్కువగా అమ్మేవి బడ్జీలనే చిన్న చిలుకలు; అవి ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాల పక్షులు కనుక కుందేళ్లకన్నా ఎండకు ఓర్చుకుంటాయి. నీడ, తాగునీరు, స్నానానికి వెడల్పాటి పళ్లెంలో కాసిని నీళ్లు ఉంటే చాలు. ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకొని రొప్పుతుంటే మాత్రం వెంటనే చల్లని చోటికి మార్చండి.

కుందేలు నోరు తెరిచి రొప్పడం, చొంగ కార్చడం, తూలడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు చల్లని నీళ్లలో తడిపిన గుడ్డతో చెవులను తుడుస్తూ పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. ఐసు నీళ్లు వాడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో నీళ్లు పోయకండి, పొరమారుతుంది. ఇక మీ కుందేళ్లు మధ్యాహ్నం తినకపోయినా, సాయంత్రం చల్లబడ్డాక తింటున్నాయా, పెంటికలు వేస్తున్నాయా అన్నది రోజూ చూడండి. కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకపోతే, పైకి ఏ జబ్బూ కనిపించకపోయినా, ఆ రాత్రి గడవనీయకుండా వైద్యునికి చూపించండి.