జెస్యూట్ల నిధి పటం చేతికొచ్చింది, వెళ్లి తవ్వుకోవచ్చా?

ప్రశ్న: మేము అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 1767లో స్పెయిన్ రాజు జెస్యూట్ అనే క్యాథలిక్ మత సభకు చెందిన ఫాదర్లను తన రాజ్యంలో నుంచి వెళ్లగొట్టినప్పుడు, వారు తమ గనుల బంగారాన్ని సూపర్‌స్టిషన్ పర్వతాల్లో దాచి వెళ్లారని మా సహోద్యోగి ఒకరు గట్టిగా నమ్ముతారు. ఆయన దగ్గర ఒక పాత పటం నకలు ఉంది. నలుగురైదుగురు కలిసి శని, ఆదివారాల్లో వెతుకుతున్నారు. తలకు 5,000 డాలర్లు వేస్తే దొరికినదాంట్లో వాటా ఇస్తామంటున్నారు. గని కనబడితే మా పేరున నమోదు చేసుకోవచ్చా? నాణేలో, బంగారు కడ్డీలో దొరికితే అవి మావేనా? మెటల్ డిటెక్టర్ వెంట తీసుకెళ్లడం తప్పా?

జవాబు: మీ మిత్రుడు నమ్మే కథ ఎంత నిజమైతే, ఆ సొత్తు మీద మీకు అంత తక్కువ హక్కు ఉంటుంది. ఇది వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఈ విషయంలో చట్టం నడిచే తీరు అదే. పటం అసలుదా నకిలీదా అన్న చర్చను పక్కనపెట్టి, తవ్వబోయే నేల ఎవరిది, దొరికేది ఏ రకమైన వస్తువు అన్న రెండు సంగతులను ముందు తేల్చుకోవాలి.

రెండో ప్రశ్న ఆ ప్రాంతానికి కొత్తది కాదు. 1736లో, నేటి అమెరికా-మెక్సికో సరిహద్దుకు కొంచెం దక్షిణాన, అరిజోనా అనే పశువుల స్థావరానికి దగ్గరలో యాకీ అనే ఆదివాసీ తెగ మనిషికి నేల మీదే పెద్ద పెద్ద వెండి ముద్దలు దొరికాయి. వార్త పాకడంతో జనం విరగబడ్డారు. అక్కడి న్యాయాధికారి హువాన్ బౌతిస్తా దె ఆన్సా ఆ వెండిని జప్తు చేయించి, ఇది భూమిలో సహజంగా పుట్టిన ఖనిజమా, లేక ఎవరో దాచిన నిధా తేల్చమని మెక్సికో నగరంలోని పెద్దలకు రాశాడు. ఖనిజమైతే రాజుకు ఐదో వంతు చాలు, నిధి అయితే రాజు వాటా అంతకంటే ఎక్కువ. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత మీరు నన్ను అడుగుతున్నది కూడా అదే కాబట్టి, నేనూ ఆ రెండు దారులనే విడివిడిగా చెబుతాను.

మొదట గని సంగతి. అమెరికాలో ప్రభుత్వ భూమి మీద బంగారం, వెండి వంటి ఖనిజాన్ని కనిపెట్టినవారు దాన్ని తవ్వుకోవడానికి తమ పేరున నమోదు చేసుకునే, అంటే క్లెయిమ్ వేసుకునే హక్కు 1872 నాటి గనుల చట్టం నుంచి వచ్చింది. ఆ హక్కును ఆ చట్టం అమెరికా పౌరులకు, పౌరులు కావాలన్న ఉద్దేశాన్ని ప్రకటించుకున్నవారికి మాత్రమే ఇచ్చింది. హెచ్-1బి మీద ఉన్న మీరు ఈ రెండు కోవల్లోకీ రారు. మిత్రులలో ఎవరైనా పౌరులు ఉండి వారి పేరున వేయిద్దామన్నా ఈ కొండల్లో కుదరదు. ఎందుకంటే సూపర్‌స్టిషన్ పర్వతాల్లో చాలా భాగం టోంటో నేషనల్ ఫారెస్ట్‌లోని సుమారు 1,60,000 ఎకరాల వైల్డర్‌నెస్ ప్రాంతం, అంటే సహజ స్థితిలోనే ఉంచాలని చట్టం కేటాయించిన అడవి. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం అటువంటి చోట్ల కొత్త క్లెయిములకు దాదాపు ఇరవై ఏళ్ల గడువు మాత్రమే ఇచ్చింది, ఆ గడువు 1983 డిసెంబరు 31 అర్ధరాత్రితో తీరిపోయింది. అంతకుముందే వేసి, ఆ నాటికే విలువైన ఖనిజాన్ని నిజంగా కనిపెట్టినట్టు రుజువు చేయగలిగిన పాత క్లెయిములకే అక్కడ విలువ. పటంలో గీసిన బాణం గుర్తు, రాతి మీద చెక్కిన శిలువ, తాతల నాటి కథ ఇవేవీ చట్టం దృష్టిలో ఖనిజాన్ని కనిపెట్టడం కిందికి రావు. బుద్ధి ఉన్న మనిషి తన శ్రమనూ డబ్బునూ ఇంకా పెట్టడానికి సిద్ధపడేంత ఖనిజం కంటికి కనబడాలన్నది 1894 నుంచి నిలిచి ఉన్న కొలత.

ఇక నిధి సంగతికి వస్తే చిక్కు ఇంకా ఎక్కువ. 1979లో వచ్చిన పురావస్తు వనరుల రక్షణ చట్టం ప్రకారం, ఫెడరల్ భూమిలోనూ ఆదివాసుల భూమిలోనూ ఉన్న, కనీసం 100 ఏళ్ల వయసు గల, పురావస్తు ప్రాముఖ్యం ఉన్న మానవ అవశేషాలనూ వస్తువులనూ అనుమతి లేకుండా తవ్వడం, తీయడం, పాడుచేయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. మీ కథ నిజమైతే ఆ బంగారం 250 ఏళ్ల నాటిది, అంటే అది సరిగ్గా ఈ చట్టం కాపాడే వస్తువు. కథ అబద్ధమై, 1950ల్లో ఎవరో పాతిపెట్టిన డబ్బా దొరికిందనుకోండి, అప్పుడు ఈ చట్టం వర్తించదు గానీ, ఫెడరల్ నేలలో దొరికినది ప్రభుత్వ సొత్తే అన్న వాదన, ప్రభుత్వ ఆస్తి దొంగతనం కింద కేసు పడే ప్రమాదం అలాగే ఉంటాయి. మొదటి తప్పుకు ఈ 1979 చట్టం కింద ఏడాది వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా. వస్తువు విలువ, పాడైన చోటును బాగుచేయడానికి అయ్యే ఖర్చు కలిపి 500 డాలర్లు దాటితే శిక్ష రెండేళ్లకు, జరిమానా 20,000కు పెరుగుతాయి. నిపుణులు వచ్చి ఒక గుంటను పరిశీలించి పూడ్చడానికి అయ్యే ఖర్చే ఆ 500ను సులువుగా దాటించేస్తుంది. తవ్వడానికి వాడిన పనిముట్లనూ, వాటిని మోసుకెళ్లిన కారునూ కూడా జప్తు చేయవచ్చు.

ఈ చట్టం పుట్టుకకు అరిజోనాయే ఒక కారణం కావడం మరో విశేషం. అంతకుముందు ఉన్న 1906 నాటి పురావస్తువుల చట్టం కింద, శాన్ కార్లోస్ అపాచీల రిజర్వేషన్‌లోని గుహ నుంచి ముఖ కవచాలు తీసుకెళ్లిన ఒక వ్యక్తికి శిక్ష పడితే, 1974లో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ వస్తువులు కొన్నేళ్ల క్రితం చేసినవే. ‘పురాతన వస్తువు’ అంటే ఏమిటో చట్టం చెప్పనప్పుడు మామూలు మనిషికి ఎలా తెలుస్తుందన్నది కోర్టు అభ్యంతరం. అందుకే కాంగ్రెస్ ఈసారి 100 ఏళ్లన్న గీత గీసింది. కాబట్టి ‘మాకు తెలియదు’ అన్న జవాబుకు ఇప్పుడు పెద్దగా బలం లేదు, పైగా ‘జెస్యూట్ల నిధి’ అని మీ వాట్సాప్ గ్రూపులో రాసుకున్న ప్రతి మాటా ఆ వస్తువు వయసు మీకు తెలుసనడానికి సాక్ష్యమే అవుతుంది.

చట్టబద్ధమైన దారి అసలే లేదా అంటే, కాగితం మీద ఒకటి ఉంది. తర్వాత వచ్చి తీసుకోవాలన్న ఉద్దేశంతో దాచిపెట్టిన డబ్బు, నాణేలు, లోహపు కడ్డీలు, పొదగని రత్నాల వంటివాటి కోసం వెతకడానికి ఫారెస్ట్ సర్వీసు ప్రత్యేక అనుమతి ఇవ్వగలదు. దానికి ఎక్కడ, ఎంత లోతున, ఎందుకు తవ్వుతారో ఆధారాలతో దరఖాస్తు చేయాలి. చారిత్రక వస్తువులు ఆ అనుమతి పరిధిలోకి రావు. వైల్డర్‌నెస్‌లో యంత్రాలు వాడకూడదు. మీ మిత్రుల బృందం దగ్గర అటువంటి అనుమతి పత్రం ఉందని మీరు రాయలేదు, ఉంటే ముందు దాన్నే చూపించి ఉండేవారని నా అనుమానం.

కోర్టుకు అక్కర్లేకపోయినా, 5,000 డాలర్లు పెట్టబోయే మనిషికి అక్కరకొచ్చే చరిత్ర కొంత ఉంది. ఫాదర్ యూసేబియో ఫ్రాన్సిస్కో కీనో 1687లో ఈ ప్రాంతానికి వచ్చిన తర్వాత జెస్యూట్లు నడిపిన మిషన్లు, అంటే మత ప్రచార కేంద్రాలు, నేటి మెక్సికోలోని సొనోరాలోనూ, నేటి టూసాన్‌కు దక్షిణాన ఉన్న శాంటా క్రూజ్ లోయలోనూ ఉండేవి. హీలా నదికి ఉత్తరాన, అంటే మీ కొండలున్న వైపు, వారికి ఒక్క మిషన్ కూడా లేదు. గనులు నడపరాదని వారి సభ నియమాలే వారిని కట్టడి చేశాయి. అయినా పుకారు ఆగలేదు. ఆ శాంటా క్రూజ్ లోయలోని తుమకాకొరి మిషన్ చర్చి నేలను బంగారం కోసం ఎందరో తవ్వి పాడుచేశారు. అందులో చిత్రమేమిటంటే, ఇప్పుడు అక్కడ నిలిచి ఉన్న చర్చిని జెస్యూట్లు వెళ్లిపోయిన ముప్పై ఏళ్లకు పైగా గడిచాక ఫ్రాన్సిస్కన్లు అనే మరో క్యాథలిక్ సభవారు మొదలుపెట్టారు. 1908లో ఆ చోటు జాతీయ స్మారకం అయింది. నేషనల్ పార్క్ సర్వీసు పరిధిలోని అటువంటి చోట్లకు మెటల్ డిటెక్టర్‌ను వాడడానికి వీలున్న స్థితిలో తీసుకెళ్లడమే నేరం, తవ్వక్కర్లేదు. నేషనల్ ఫారెస్ట్‌లో అంత కఠినం కాదు. డిటెక్టర్ చేతిలో ఉండడమే అక్కడ నేరం కాదు గానీ, పాత వస్తువు కోసం నేల గుచ్చిన క్షణం నుంచి పైన చెప్పిన చట్టం మొదలవుతుంది.

భూమి మారితే జవాబూ మారుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ట్రస్టు భూముల్లో తిరగడానికి తీసుకునే వినోద పర్మిట్ తవ్వకానికి అనుమతి కాదు. అక్కడి చారిత్రక స్థలాల తవ్వకానికి అరిజోనా స్టేట్ మ్యూజియం డైరెక్టర్ అనుమతి కావాలి. తొహోనో ఓఓధమ్, అపాచీ తెగల భూముల్లో ఆ తెగ ప్రభుత్వం మాటే మొదటి మాట. ప్రైవేటు భూమిలో యజమాని రాతపూర్వక అనుమతితో వెతకవచ్చు, కానీ దొరికినది ఎవరిదన్నది మళ్లీ వేరే ప్రశ్న. ఫీనిక్స్ పక్కనున్న ప్యారడైజ్ వ్యాలీలో ఒక ఇంటి గోడల్లో తూటాల డబ్బాలలో దాచిన సుమారు 5,00,000 డాలర్ల నగదు దొరికితే, ఇల్లు కొన్నవారికి గానీ మరమ్మతు పనివారికి గానీ కాకుండా, దాచి మరణించిన మనిషి వారసులకే చెందుతుందని 2012లో అరిజోనా అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మన దేశపు 1878 నాటి నిధుల చట్టంలో లాగా, కలెక్టరుకు తెలియజేస్తే, సొంతదారు ఎవరూ తేలని పక్షంలో కనుగొన్నవారికి ముప్పావు వంతు, భూయజమానికి పావు వంతు అన్న లెక్క ఇక్కడ లేదు. గుప్తనిధుల కబుర్లు వింటూ పెరిగిన మనవాళ్లు ఈ విషయంలో తరచుగా పొరబడుతుంటారు.

ఇప్పుడు మీ 5,000 డాలర్లు. నలుగురి డబ్బు ఒకచోట చేర్చి, ఇతరుల శ్రమ మీద లాభం వస్తుందని ఆశ చూపితే, దానికి పటం అని పేరు పెట్టినా, ఫ్లోరిడా నారింజ తోటల వ్యవహారంలో అమెరికా సుప్రీం కోర్టు 1946లో చెప్పిన కొలత ప్రకారం అది సెక్యూరిటీ, అంటే షేర్ల వంటి పెట్టుబడి, అవుతుంది. దాన్ని రిజిస్టరు చేయాలి, లేదా మినహాయింపు ఉందని చూపాలి. అరిజోనాలో ఇది కార్పొరేషన్ కమిషన్ పరిధిలోని విషయం. మీరు డబ్బు పెట్టి ఊరుకుంటే ఒక సమస్య. వారితో కలిసి తవ్వి, వాటా తీసుకుంటే మరో సమస్య, ఎందుకంటే మీ వీసా మిమ్మల్ని స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర పనికి మాత్రమే అనుమతిస్తుంది. అన్నిటికన్నా బరువైనది క్రిమినల్ కేసు. చిన్న శిక్ష పడినా, కేవలం అరెస్టు అయినా, రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ ఆ తర్వాత పౌరసత్వ దరఖాస్తులోనూ దాన్ని చెప్పాలి. దొంగతనం స్వభావం ఉన్న నేరమైతే దేశం నుంచి పంపించే ప్రశ్నే రావచ్చు. ఈ భాగం మీద విడిగా ఇమ్మిగ్రేషన్ లాయరును సంప్రదించండి.

ఎవరు పట్టుకుంటారులే అనుకోవద్దు. ఒక వ్యాపారి 2010లో రాకీ పర్వతాల్లో దాచిన పెట్టె కోసం యెల్లోస్టోన్ పార్కులోని పాత సైనిక శ్మశానంలో తవ్విన వ్యక్తికి 2021లో ఆరు నెలల జైలుశిక్ష పడింది, పైగా 30,000 డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమన్నారు. ఆ పెట్టె అసలు ఆ శ్మశానంలో లేనే లేదు, 2020లో వ్యోమింగ్‌లో మరో చోట ఇంకొకరికి దొరికింది.

ఒకవేళ మామూలుగా కొండెక్కినప్పుడు పాత నాణెమో పనిముట్టో నేల మీద కనబడితే, దాన్ని కదపకుండా ఫోటో తీసి, ఫోనులో స్థానం గుర్తుపెట్టుకుని, ఫారెస్ట్ సర్వీసు రేంజర్ కార్యాలయానికి తెలపండి. న్యాయంగా దక్కిన నిధి అయినా, అది వివాదం లేకుండా మీ చేతికి వచ్చిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను పడుతుంది. పాత పియానోలో దొరికిన 4,467 డాలర్ల మీద కూడా పన్ను కట్టాల్సిందేనని 1969లో ఒక ఫెడరల్ కోర్టు చెప్పింది.

డబ్బు ఇచ్చే ముందు మీ సహోద్యోగిని రెండు కాగితాలు అడగండి: ఫారెస్ట్ సర్వీసు ఇచ్చిన అనుమతి పత్రం ఒకటి, వాటాల అమ్మకానికి సంబంధించిన రిజిస్ట్రేషన్ లేదా మినహాయింపు పత్రం ఇంకొకటి. రెండూ ఉన్నాయంటే వాటి నకళ్లు నాకు పంపండి, చదివి చెబుతాను. లేవంటే, ఆ బృందంతో కలిసి కొండెక్కడం కూడా మానుకోమనే నా సలహా, ఎందుకంటే గుంట పక్కన నిలబడిన మనిషి తాను తవ్వలేదని తర్వాత నిరూపించుకోవడం చాలా కష్టం.