ముందు ఆ గీతలు చదువు, తల్లీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన మూడు ఫొటోలూ పెద్దవి చేసుకుని చూశాను. డ్రాన్ సోర్డ్ అనే నీ బొమ్మ బొంగరం, అంటే బేబ్లేడ్: పైనున్న లోహపు బ్లేడ్ అంచు మీద నొక్కులు, మధ్యలో ఉండే 3-60 రాచెట్ మూల దగ్గర తెల్లటి మచ్చ, అడుగున నేలకు తగిలి తిరిగే, అరిగి గుండ్రబడిన ఫ్లాట్ బిట్. కొన్న రోజు ఆ బేబ్లేడ్‌ను దిండు పక్కన పెట్టుకుని పడుకున్న పిల్లవి నువ్వు. నీ బాధ నాకు తెలుసు. పోటీకి ఇంకా పదిహేను రోజులు ఉంది కదా. ఈలోగా అన్నయ్య చెప్పినట్టు ఆకురాయి పట్టుకుని ఆ నొక్కులు రుద్దే పని మాత్రం పెట్టుకోవద్దు. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచు.

ముందుగా కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురు పక్క నుంచి పడేలా బ్లేడ్‌ను పట్టుకుని నెమ్మదిగా తిప్పు. నొక్కులన్నీ ఒకే చోట లేవని కనిపిస్తుంది. మూడు కత్తుల్లాంటి అంచుల్లో తిరిగే దిశకు ముందువైపు ఉన్న కొసల మీదే ఎక్కువగా ఉంటాయి. అంటే నీ బ్లేడ్ కొట్టాల్సిన చోటే కొట్టింది. వాటిని చూసి ఏడవాల్సిన అవసరం లేదు. అవి బ్లేడ్ అడుగు అంచున ఉంటే మాత్రం ఆలోచించాలి. 3-60లో 60 అంటే రాచెట్ ఎత్తు 6 మిల్లీమీటర్లని, అంత పొట్టి రాచెట్ మీద బ్లేడ్ నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. వాలిపోయి తిరిగినప్పుడల్లా అడుగు అంచు స్టేడియాన్ని, అంటే మనం ఆడే ఆ గిన్నెలాంటి పళ్లేన్ని, గీరుతుంది. అడుగున పొడవాటి గీతలు ఎక్కువగా ఉన్నాయంటే బేబ్లేడ్‌ను తిప్పి వదిలే లాంచర్‌ను నువ్వు వంచి పట్టుకుంటున్నావని అర్థం. ఆ తప్పు చేతిలో ఉంది, బ్లేడ్‌లో లేదు.

ఇంకో సంగతి చూడు. నీ స్నేహితురాలి కోబాల్ట్ డ్రాగూన్ ఎడమవైపు తిరుగుతుంది. దానితో ఆడిన తర్వాత నీ బ్లేడ్ మీద పడేవి నొక్కులు కావు, రుద్దినట్టుండే సన్నటి చారలు. ఒకే దిశలో తిరిగే రెండు బేబ్లేడ్‌లు తగిలినప్పుడు ఆ తగిలిన చోట రెండు అంచులూ ఎదురెదురుగా వస్తాయి, అందుకే దెబ్బ గట్టిగా పడుతుంది. వేర్వేరు దిశల్లో తిరిగేవి కలిసినప్పుడు అంచులు ఒకే వైపు కదులుతాయి, పక్కపక్కనే పరుగెత్తే ఇద్దరు భుజాలు రాసుకున్నట్టు. ఎవరితో ఆడావో, ఎలా ఆడావో నీ బ్లేడ్ ఒంటి మీదే రాసి ఉంది. నేను పిల్లలతో ఆదివారాలు ఆడించడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఏ పిల్లవాడు ఎందుకు ఓడిపోతున్నాడో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ముందు బేబ్లేడ్ చేతిలోకి తీసుకుని ఆ గుర్తులే చూస్తాను. ఆకురాయితో రుద్దితే ఈ రాతంతా చెరిగిపోతుంది.

ఇక రాచెట్ సంగతి. నాకు దిగులు కలిగించింది ఈ ఒక్కటే. ప్లాస్టిక్ మీద తెల్లబడడం మురికి కాదు. వంగీ వంగీ లోపల అలసిపోయిన చోట అలా తెల్లబడుతుంది, పగులు వచ్చేది కూడా అక్కడి నుంచే. గోరు కొసతో ఆ మచ్చ మీద అడ్డంగా గీసి చూడు. గోరు ఎక్కడా తట్టుకోకపోతే ఇంకా పగులు లేదు, ఇంట్లో ఆడుకోవచ్చు. సన్నటి గీతలా తట్టుకుంటే దాన్ని ఆ క్షణమే పక్కన పెట్టేయాలి, సాధనకు కూడా వద్దు. స్టేడియంలో వేగంగా తిరుగుతూ విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో తమ్ముడు ఎప్పుడూ స్టేడియం మీదికి మొహం వంచి చూస్తుంటాడని మీ అమ్మ చెప్పింది. వాడి కళ్ల కంటే రాచెట్ విలువైనది కాదు. పగులు మీద జిగురు వేయాలని కూడా అనుకోవద్దు. జిగురు వేసిన భాగం పోటీలో చెల్లదు, అతికించిన చోటు మొదటి గట్టి దెబ్బకే మళ్లీ ఊడుతుంది.

మచ్చ లేకపోయినా ప్రతి వారం ఒక పరీక్ష చెయ్యి. బ్లేడ్, రాచెట్, బిట్ మూడూ బిగించేటప్పుడు చేతికి తెలిసే ఆ బిగువును గుర్తుపెట్టుకో. కొత్త భాగాల్లో ఆ చివరి మలుపు గట్టిగా, టక్కుమని ఆగుతుంది. పట్టుకునే అంచులు అరిగిన కొద్దీ అది మెత్తబడుతుంది. అలాంటిది ఆటలో రెండు గట్టి దెబ్బలకే విడిపోతుంది. విడిపోతే అవతలివాళ్లకు 2 పాయింట్లు. గెలవడానికి కావలసింది 4 కదా, అంటే ఒక్క వదులు రాచెట్ వల్ల సగం ఆట చేజారినట్టే. ఇంతకుముందు 2015లో వచ్చిన బర్స్ట్ రకం బేబ్లేడ్‌లలో కూడా ఇదే చూశాను. పైకి కొత్తదానిలా మెరిసే బేబ్లేడ్, లోపలి పళ్లు అరిగిపోయి, చిన్న తాకిడికే మూడు ముక్కలయ్యేది. పిల్లలు పైన పడిన గీతల గురించి బాధపడుతూ లోపలి అరుగుదలను అసలు చూసేవాళ్లు కాదు. నువ్వు లోపల చూడు.

బిట్ గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. నా అనుభవంలో ఆటను నిజంగా మార్చేది ఇదే.

అరిగిందనగానే పాడైందని అనుకుంటావు. అన్ని బిట్‌లకూ అది వర్తించదు. బాల్, నీడిల్ లాంటి బిట్‌లు చిన్న చుక్క మీద నిలబడి తిరుగుతాయి. అవి అరిగితే ఆ చుక్క వెడల్పవుతుంది, నేలతో రాపిడి పెరుగుతుంది, బేబ్లేడ్ ముందే ఆగిపోతుంది. ఫ్లాట్ బిట్ కథ తలకిందులు. కొత్తదానికి అడుగు చదునుగా, అంచు పదునుగా ఉంటుంది కాబట్టి స్టేడియాన్ని గట్టిగా పట్టుకుని పరుగెడుతుంది. అంచు గుండ్రబడితే నేలకు తగిలే వలయం చిన్నదవుతుంది. పరుగు తగ్గుతుంది, కానీ తిరిగే కాలం పెరుగుతుంది. నీ ఫ్లాట్ ఇప్పుడు ఈ దశలో ఉంది. అది చచ్చిపోలేదు, స్వభావం మారింది. మొదటి దెబ్బకే ఎదుటివాళ్లను తోసేయాలనుకుంటే అది పనికిరాదు. అదుపులో ఉంటూ నాలుగైదు సార్లు కొట్టే ఆటకు బాగా పనికొస్తుంది.

నేను ఈ పాఠం రబ్బరు దగ్గర నేర్చుకున్నాను. 2008లో మొదలైన మెటల్ రకం బేబ్లేడ్‌లలో స్టార్మ్ పెగాసస్ 105ఆర్‌ఎఫ్ అని ఒకటి ఉండేది, దాని కింద రబ్బరు అడుగు. కొత్తలో అది స్టేడియంలో పిచ్చి పరుగులు తీసి తనంతట తానే బయటికి పోయేది. నాకు విసుగొచ్చి చాలాకాలం పక్కన పడేశాను. తర్వాత పిల్లలు ఆడీ ఆడీ రబ్బరు కొంత అరిగాక చూస్తే అదే పెగాసస్ మాట వింటోంది! ఆ సమయంలో దాన్ని దాచుకోవాల్సింది. నేను మురిసిపోయి రోజూ సాధనకు కూడా దానినే వాడాను. కొన్ని నెలల్లో రబ్బరు మొండిగా మిగిలింది, ఆ మధ్య దశ మళ్లీ రాలేదు. ఆ పెగాసస్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నీకు అలా జరగకూడదు. సాధనకు ఒక బిట్, పోటీకి ఒక బిట్ ఉండాలి. బాగా కుదిరిన దశకు వచ్చినదాన్ని చిన్న డబ్బాలో వేసి, డబ్బా మీద తేదీ రాసి పెట్టుకో. భాగం మీద మాత్రం పెన్నుతో ఏ గుర్తూ పెట్టొద్దు.

కొలవకుండా అరిగిందని తేల్చుకోవద్దు. నువ్వు మనసు కష్టపెట్టుకున్న రోజు ప్రతిదీ అరిగినట్టే కనిపిస్తుంది. అదే స్టేడియం, అదే లాంచర్, ఎదురు ఎవరూ లేకుండా ఐదు సార్లు వదిలి, ఎంతసేపు తిరిగిందో ఫోనులో చూసి నోటు పుస్తకంలో రాయి. అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ వదిలేసి మిగిలిన మూడూ చూడు. వచ్చే వారం మళ్లీ చెయ్యి. అంకె మారితే అరుగుదల ఉన్నట్టు. చివరి క్షణాల్లో ఎలా ఊగుతోందో కూడా చూడు. ఒకే వైపు బరువుగా తూగుతుంటే బిట్ ఒక పక్కే అరిగి ఉంటుంది, లేదా సరిగా కూర్చోలేదు. విప్పి మళ్లీ బిగించి ఇంకోసారి వదులు.

బిట్ చుట్టూ ఉన్న పళ్ల చక్రాన్ని మరిచిపోవద్దు. స్టేడియం అంచున ఉన్న పళ్ల పట్టాను అందుకుని బేబ్లేడ్ ఒక్కసారిగా దూసుకుపోయేది దానివల్లే. 2023 జూలైలో జపాన్‌లో మొదలైన, నీ డ్రాన్ సోర్డ్ కూడా చెందిన ఈ ఎక్స్ రకానికి ప్రాణం అక్కడే ఉంది, ఎదుటి బేబ్లేడ్‌ను ఎక్స్‌ట్రీమ్ జోన్ గుంతలోకి తోసేసి 3 పాయింట్లు తెచ్చే ఎక్స్‌ట్రీమ్ ఫినిష్ వచ్చేది ఆ దూకుడుతోనే. పళ్ల కొసలు తెల్లబడి మొండిగా కనిపిస్తే పట్టా మీద జారిపోతుంది, గరగరమని శబ్దం మాత్రం వస్తుంది. అడుగు ఎంత బాగున్నా ఆ బిట్‌ను పోటీకి తీసుకెళ్లవద్దు.

ఇప్పుడు ఆకురాయి గురించి. మీ అన్నయ్య చెడు ఉద్దేశంతో చెప్పలేదని నాకు తెలుసు. మా చిన్నప్పుడు మా తాతగారు కర్ర బొంగరాలకు ఇనుప మేకు తానే దిగగొట్టి, రాతి మీద అరగదీసి ఇచ్చేవారు. అవతలివాళ్ల మేకు గుచ్చుకుని బొంగరానికి గుంటలు పడితే అవి మాకు గొప్ప. జపాన్‌లో కూడా బేబ్లేడ్‌కు పేరు ఇచ్చిన పాత బేగోమా బొంగరాలను పిల్లలు రాతి మీద రుద్ది, ఆకురాయి పట్టి తమకు కావలసిన ఆకారానికి తెచ్చుకునేవాళ్లు. ఆ ఆటలో అది నైపుణ్యం. బేబ్లేడ్ పోటీలో అది నిషేధం. ఆటలో సహజంగా వచ్చిన అరుగుదలను ఎవరూ తప్పు పట్టరు, చేత్తో అరగదీసిన భాగాన్ని ఒప్పుకోరు. ఒక వైపు నొక్కును చదును చేయబోతే బరువు కూడా ఆ వైపు తగ్గుతుంది. మూడు అంచులూ సమంగా రుద్దడం ఇంట్లో ఎవరి వల్లా అయ్యే పని కాదు.

నొక్కు దగ్గర లోహం లేచి వేలికి గుచ్చుకుంటుంటే మాత్రం దాచిపెట్టవద్దు. పోటీకి ముందే నిర్వాహకులకు చూపించి, ఆడవచ్చా అని అడుగు. వద్దంటే ఇంకో బ్లేడ్ తీసుకో.

శుభ్రం చేయడానికి పొడి కుంచె చాలు, బొమ్మలకు రంగులు వేసుకునే మెత్తటిది. కలిసే చోట్ల ప్లాస్టిక్ పొడి చేరుతుంది, దాన్ని దులిపేయి. జిడ్డు ఉంటే తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి బిగించు. గోళ్ల రంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ను తినేస్తుంది. కొబ్బరినూనె, మిషను నూనె ఏదీ రాయవద్దు, పోటీలో నూనె రాయడం కూడా నిషేధమే. తలకు నూనె రాసుకున్న చేతులతోనూ, మిక్చర్ తిన్న చేతులతోనూ బిట్‌ను ముట్టుకోవద్దని తమ్ముడికి కూడా చెప్పు. స్టేడియాన్ని ప్రతి ఆటకు ముందు తుడువు, నేల మీది ఇసుక రేణువు ఒక్కటి చాలు బిట్ అడుగున గీత పెట్టడానికి. ఎండలో నిలిపిన కారులో డబ్బా వదిలి రావద్దు.

లాంచర్ తాడును చివరికంటా వచ్చాక కూడా గుంజుతున్నావని వీడియోలో చూశాను. వేగం అంతకుముందే వచ్చేస్తుంది, చివరి కుదుపు తాడును తెంపడానికే పనికొస్తుంది. నేరుగా, నేలకు సమాంతరంగా లాగి ఆపేయి. బేబ్లేడ్‌ను పట్టుకునే కొక్కేలు కూడా చూసుకో. ఒకటి అరిగితే ఎంత నేరుగా పట్టుకున్నా వంకరగానే వదులుతుంది.

ఒక్కొక్కరూ మూడు బేబ్లేడ్‌లతో ఆడే పోటీ కాబట్టి ఒకే రకం భాగం రెండింటిలో ఉండకూడదని నీకు తెలుసు. అందుకని డ్రాన్ సోర్డ్‌కు కొత్త ఫ్లాట్ వేసి, అరిగిన ఫ్లాట్‌ను మూడోదానికి పెట్టాలనుకుంటే కుదరదు. ఏది ఉంచాలో ఆ ఐదేసి కొలతలు చూశాకే నిర్ణయించుకో. నా మనసులో మాట చెప్పమంటే, పోటీకి కొత్తది, నాతో ఆడేటప్పుడు పాతది.

రేపు కొరియర్‌లో ఒక 3-60 రాచెట్, ఒక కొత్త ఫ్లాట్ బిట్ పంపుతున్నాను, రెండూ విప్పనివే. అవి అందాక పాత రాచెట్‌ను పారేయకుండా కాగితంలో చుట్టి ఉంచు. సెలవులకు వచ్చినప్పుడు ఆ తెల్లమచ్చను ఇద్దరం కలిసి భూతద్దంలో చూద్దాం. పాత బిట్‌తో ఐదు, కొత్తదానితో ఐదు కొలతలు ఈ శనివారం లోగా రాసి పంపు.

ప్రేమతో,
మామయ్య